తెరమీద లేని పేరు

సినిమా మొదలయ్యే ముందు తెరమీద వరసగా పేర్లు పడతాయి. నటీనటుల పేర్లు చదివినంత శ్రద్ధగా రచయిత పేరు చదివేవారు తక్కువ. అయినా కథ అల్లి, దానిని సన్నివేశాలుగా విడగొట్టి, ఏ పాత్ర ఎప్పుడు వచ్చి ఏం మాట్లాడాలో కాగితం మీద పెట్టేది రచయితే. ఈ పనినే చిత్రానువాదం లేక స్క్రీన్‌ప్లే అంటారు. అమెరికాలోని లాస్ ఏంజిల్స్ నగరంలో హాలీవుడ్ అనే ప్రాంతం సినిమాలకు పెట్టింది పేరు. అక్కడ ఒక రచయిత పదమూడేళ్లపాటు తన పేరు బయటపెట్టుకోలేని స్థితిలో ఉండి, మారుపేర్లతో ముప్పై దాకా చిత్రానువాదాలు రాశాడు. ఆ కాలంలోనే అతని కథలకు రెండుసార్లు ఆస్కార్ బహుమతి వచ్చింది. రెండుసార్లూ సభలో చదివింది వేరొకరి పేరు. ఆ రచయిత డాల్టన్ ట్రంబో.

ట్రంబో 1905 డిసెంబరు 9న కొలరాడో రాష్ట్రంలోని మాంట్రోజ్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. తండ్రి ఆరస్, తల్లి మాడ్. బిడ్డ పసివాడుగా ఉండగానే వారు దగ్గరలోని గ్రాండ్ జంక్షన్ పట్టణానికి తరలివెళ్లారు. చుట్టూ కొండలు, పండ్లతోటలు ఉన్న ఊరు అది. తండ్రి అక్కడ ఒక చెప్పుల దుకాణంలో గుమాస్తా. నెమ్మదస్తుడు, కష్టజీవి, కానీ డబ్బు కూడబెట్టే నేర్పు లేనివాడు. ఇంట్లో తిండికి లోటు లేదుగాని ఇతర అవసరాలన్నిటికీ వెతుక్కోవలసిందే. బడిలో చదివే రోజులలో ట్రంబో వక్తృత్వ పోటీలలో పాల్గొనేవాడు. బడి వదలగానే ఆ ఊరి దినపత్రిక కార్యాలయానికి పరుగెత్తేవాడు. న్యాయస్థానంలో వ్యాజ్యాలు, ఊరిలో సభలు, చావులు, పెళ్లిళ్లు ఏవి జరిగినా రాసి తెచ్చే చిన్న విలేఖరి ఉద్యోగం అతనిది. గడువులోగా రాసి ఇవ్వడం, ఉన్న విషయాన్ని క్లుప్తంగా చెప్పడం అక్కడే అలవడ్డాయి.

1924లో అతడు బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో చేరాడు. ఏడాది గడిచిందో లేదో తండ్రి ఉద్యోగం పోయింది. కుటుంబం బతుకుతెరువు వెతుక్కుంటూ లాస్ ఏంజిల్స్ చేరింది. ట్రంబో కూడా చదువు ఆపి వారిని కలుసుకొన్నాడు. 1926లో తండ్రి జబ్బుచేసి చనిపోయాడు. తల్లి, ఇద్దరు చెల్లెళ్లు, ఇరవై ఏళ్ల కొడుకు మిగిలారు.

కొంతకాలమే చేయాలనుకొని ట్రంబో ఒక రొట్టెల కర్మాగారంలో రాత్రిపూట పనికి చేరాడు. పొయ్యి నుంచి వచ్చిన రొట్టెలను కాగితంలో చుట్టడం, లెక్క సరిచూడడం, బండ్లకు ఎక్కించడం. కొంతకాలం అనుకొన్నది ఎనిమిదేళ్లు సాగింది. రాత్రంతా పని, పగలు కొంత నిద్ర, మిగిలిన సమయంలో రాత. ఆ ఎనిమిదేళ్లలో ఆరు నవలలు, ఎనభైకి పైగా కథలు రాశాడు. పత్రికలు, ప్రచురణకర్తలు వాటన్నిటినీ తిప్పి పంపారు. రాత్రివేళ మేలుకొని పని చేసే అలవాటు మాత్రం అతనికి జీవితాంతం నిలిచిపోయింది.

1930 తరువాత కొన్ని పత్రికలు అతని రచనలను తీసుకోవడం మొదలుపెట్టాయి. 1934లో వార్నర్ బ్రదర్స్ అనే పెద్ద చిత్రనిర్మాణ సంస్థలో చదువరి ఉద్యోగం దొరికింది. సినిమాకు పనికివస్తాయేమోనని సంస్థకు చేరే నవలలను, నాటకాలను చదివి, వాటి సారాంశం రెండు మూడు పుటలలో రాసి ఇవ్వడం ఆ పని. మరుసటి ఏడు అతని మొదటి నవల 'ఎక్లిప్స్' అచ్చయింది. అందులో ఊరి పేరు మార్చాడుగాని వర్ణించింది గ్రాండ్ జంక్షన్‌నే. అక్కడివారు పాత్రలలో తమను తాము గుర్తుపట్టి మండిపడ్డారు. అదే ఊరి ప్రధాన వీథిలో 2007లో అతనికి విగ్రహం నిలిపారు. ఊళ్లకు కోపం వస్తుంది, పోతుంది కూడా.

1936 నుంచి ట్రంబో సినిమాలు రాయడం మొదలుపెట్టాడు. మొదటివి చిన్న ఖర్చుతో తీసినవి. వాటిలోనే చేతివాటం కుదిరింది. 1938లో క్లియో ఫించర్ అనే అమ్మాయిని వివాహమాడాడు. కార్లలో వచ్చేవారికి కార్ల దగ్గరికే పలహారం తెచ్చి ఇచ్చే ఒక దుకాణంలో ఆమె పనిచేసేది. వారికి నికోలా, క్రిస్టఫర్, మిట్జీ అని ముగ్గురు పిల్లలు. తరువాతి కథలో క్లియో పాత్ర చిన్నది కాదు. ఇల్లు అమ్ముకొన్నప్పుడు, దేశం విడిచినప్పుడు, భర్త జైలులో ఉన్నప్పుడు సంసారం చెదిరిపోకుండా నిలిపింది ఆమె.

1939లో ట్రంబో రాసిన నవల 'జానీ గాట్ హిస్ గన్' వెలువడింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఒక బాంబు దెబ్బకు కాళ్లు, చేతులు, కళ్లు, చెవులు, నోరు అన్నీ పోయిన ఒక యువసైనికుని కథ అది. శరీరం పోయినా అతని మనసు పనిచేస్తూనే ఉంటుంది. తాను బతికి ఉన్నాననీ, ఆలోచిస్తున్నాననీ లోకానికి ఎలా తెలపడం? చివరికి తలను దిండుకు కొడుతూ తంతివార్తల సంకేత భాషలో మాట్లాడతాడు. ఆ సైనికుని ఇంటిపేరు బోనమ్. అది ట్రంబో తండ్రి పేరులోని మాట. ఈ నవల వెలువడడానికి రెండు రోజుల ముందే రెండవ ప్రపంచయుద్ధం మొదలయింది. ఆ సంవత్సరం వచ్చిన పుస్తకాలలో అత్యంత నవ్యమైనదిగా అమెరికా పుస్తక విక్రేతలు దానికి బహుమతి ఇచ్చారు.

1941 చివర అమెరికా కూడా యుద్ధంలోకి దిగింది. హిట్లర్‌ను ఓడించక తప్పదని ట్రంబో నమ్మాడు. యుద్ధాన్ని నిరసించే తన నవల మళ్లీ అచ్చుకాకుండా ఉండడానికి అతడే ఒప్పుకొన్నాడు. అప్పుడు ఒక వింత జరిగింది. హిట్లర్‌తో వెంటనే రాజీ చేసుకోవాలని కోరే కొందరు ఈ పుస్తకం కావాలంటూ అతనికి ఉత్తరాలు రాయసాగారు. ట్రంబో ఆ ఉత్తరాలను దేశ నేరపరిశోధక శాఖ అయిన ఎఫ్.బి.ఐ.కి చూపించాడు. వచ్చిన అధికారులు ఉత్తరాలు రాసినవారికంటే ఎక్కువగా ట్రంబో అభిప్రాయాలనే ఆరా తీశారు. ఇతరుల ఉత్తరాలను ప్రభుత్వానికి అప్పగించడం తప్పేనని ఆయన తరువాత భావించాడు.

ఈలోగా హాలీవుడ్‌లో అతని దశ తిరిగింది. 1940లో వచ్చిన 'కిటీ ఫాయిల్' చిత్రానువాదం ఆస్కార్ పరిశీలనకు వెళ్లింది. అందులో నటించిన జింజర్ రోజర్స్‌కు ఉత్తమ నటి బహుమతి లభించింది. 'ఎ గై నేమ్డ్ జో', 'థర్టీ సెకండ్స్ ఓవర్ టోక్యో' యుద్ధకాలంలో ప్రజలు ఆదరించిన చిత్రాలు. 1945లో వచ్చిన 'అవర్ వైన్స్ హావ్ టెండర్ గ్రేప్స్' ఒక పల్లెటూరి రైతు కుటుంబం కథ. అందులో యుద్ధమూ లేదు, ఆర్భాటమూ లేదు. ఎమ్.జి.ఎమ్. సంస్థ అతనికి వారానికి 3,000 డాలర్లు, లేదా చిత్రానికి 75,000 డాలర్లు ఇచ్చే ఒప్పందం చేసుకొంది. రొట్టెలు చుట్టిన చేతికి హాలీవుడ్‌లో అందరికంటే ఎక్కువ వేతనం పొందే రచయితల వరసలో చోటు దొరికింది. కొండల మధ్య ఒక పెద్ద తోటను కొని అక్కడ ఇల్లు కట్టుకొన్నాడు.

అతడు 1943లో అమెరికా కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. అది ఆనాటి చట్టం నిషేధించిన పార్టీ కాదు. అమెరికా, సోవియట్ యూనియన్ అప్పుడు యుద్ధంలో ఒకే పక్షాన ఉన్నాయి. కూలీల సంఘాల హక్కుల కోసం, నల్లజాతివారి సమానత్వం కోసం పనిచేసేవారిలో కమ్యూనిస్టులు ముందుండేవారు. రచయితలు, నటులు చాలామంది అందుకే ఆ పార్టీవైపు వెళ్లారు. స్టాలిన్ పాలనలో రచయితలు పడిన బాధలను మాత్రం వారు చాలాకాలం చూడ నిరాకరించారు. ఆ లోపం నుంచి ట్రంబోను మినహాయించనక్కరలేదు.

యుద్ధం ముగిసిన రెండేళ్లకే మిత్రదేశాలు బద్ధవిరోధులయ్యాయి. అమెరికా అంతటా కమ్యూనిస్టుల భయం పట్టుకొంది. ఆ దేశపు ప్రతినిధుల సభలో అమెరికా వ్యతిరేక కార్యకలాపాలను విచారించే ఒక సంఘం ఉండేది. దానికి అప్పటి అధ్యక్షుడు పార్నెల్ థామస్. సినిమాల ద్వారా కమ్యూనిస్టులు ప్రజల మనసులను మారుస్తున్నారని ఆరోపిస్తూ ఆ సంఘం 1947 శరత్కాలంలో హాలీవుడ్ వారిని రాజధాని వాషింగ్టన్‌కు పిలిపించింది. కొందరు ప్రముఖులు వెళ్లి తమకు అనుమానం ఉన్నవారి పేర్లు చెప్పి వచ్చారు. మరికొందరు ఈ విచారణే అన్యాయమన్నారు. ఆ రెండో రకం వారిలో పదిమందిని తరువాత లోకం 'హాలీవుడ్ పదిమంది' అని పిలిచింది. ట్రంబో వారిలో ఒకడు.

అతని వంతు అక్టోబరు 28న వచ్చింది. ముందుగా ఒక ప్రకటన చదువుతానన్నాడు. అనుమతి ఇవ్వలేదు. తన చిత్రానువాదాలు ఇరవై దాకా వెంట తెచ్చాడు. వాటిలో దేశద్రోహం ఎక్కడ ఉందో చూపమని, వాటిని సాక్ష్యంగా తీసుకొమ్మని కోరాడు. అన్ని పుటలు తీసుకోవడం కుదరదని అధ్యక్షుడు తోసిపుచ్చాడు. సినిమాలలోని రాతల వల్లే ముప్పు అని విచారణ పెట్టినవారు ఆ రాతలనే చదవబోమనడం విచిత్రం. వారు అడిగినవి రెండే ప్రశ్నలు. సినీ రచయితల సంఘంలో సభ్యుడవా? కమ్యూనిస్టు పార్టీలో సభ్యుడవా, ఎప్పుడైనా ఉన్నావా? ట్రంబో ఔననలేదు, కాదనలేదు. వాదన పెరిగింది. చివరికి సాక్షి స్థానం నుంచి అతనిని దింపివేశారు.

ఔనని చెప్పి ఊరుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఔనని చెప్పగానే తరువాతి ప్రశ్న సిద్ధంగా ఉండేది: ఇంకా ఎవరెవరు ఉన్నారు? స్నేహితుల పేర్లు చెప్పాలి, వారి ఉద్యోగాలు తీయించాలి. చెప్పకపోతే శిక్ష. కాదని చెబితే అబద్ధపు సాక్ష్యం అవుతుంది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కరలేదనే అయిదవ రాజ్యాంగ సవరణను అడ్డుపెట్టుకొంటే జైలు తప్పేది. అయితే ఏదో నేరం చేసి దాస్తున్నట్లు అర్థం వచ్చేది. ఆ పదిమంది మొదటి సవరణను ఆశ్రయించారు. మాట్లాడే స్వేచ్ఛను, సంఘంగా కూడే స్వేచ్ఛను అది కాపాడుతుంది. తన అభిప్రాయం, తన ఓటు, తన పార్టీ ఏమిటని అడిగే అధికారం ప్రభుత్వానికి లేదన్నది వారి వాదం. న్యాయస్థానం తమ పక్షం వహిస్తుందని వారు గట్టిగా నమ్మారు.

నవంబరు 24న ప్రతినిధుల సభ వారిపై సభాధిక్కార నేరం మోపింది. మరునాడే పెద్ద చిత్రసంస్థల యజమానులు న్యూయార్క్‌లోని ఒక హోటలులో సమావేశమై, ఆ పదిమందికి పని ఇవ్వబోమని ప్రకటించారు. ఇదే నల్లజాబితాకు మొదలు. క్రమంగా ఆ జాబితాలో వందలమంది చేరారు. అది ఎక్కడా ప్రభుత్వ ముద్రతో అచ్చయిన కాగితం కాదు. పేరు చేరినవానికి ఫోను రావడం ఆగిపోయేది, అంతే.

న్యాయస్థానంలో ట్రంబోకు ఏడాది జైలు, 1,000 డాలర్ల జరిమానా పడ్డాయి. సుప్రీంకోర్టు మీద ఆశ ఉండేది. అయితే 1949 వేసవిలో పౌరహక్కుల పక్షాన నిలిచే ఇద్దరు న్యాయమూర్తులు, మర్ఫీ, రట్లెడ్జ్, కొద్ది వారాల తేడాలో మరణించారు. 1950 ఏప్రిల్‌లో ఆ కోర్టు వారి మొరను విచారణకే తీసుకోలేదు. జూన్‌లో ట్రంబో కెంటకీ రాష్ట్రంలోని యాష్‌లాండ్ జైలుకు వెళ్లాడు. అక్కడ సరుకుల గదిలో పని ఇచ్చారు. చదువురాని తోటి ఖైదీలకు ఇంటి నుంచి వచ్చే ఉత్తరాలు చదివి పెట్టేవాడు, జవాబులు రాసి ఇచ్చేవాడు. పది నెలల తరువాత విడుదలయ్యాడు. అదే సమయంలో మరో జైలులో మరో ముచ్చట జరుగుతూ ఉంది. విచారణ జరిపిన పార్నెల్ థామస్ తన కార్యాలయ సిబ్బంది జీతాలను తానే కాజేశాడని రుజువై జైలుపాలయ్యాడు. అతడున్న చోటికే ఆ పదిమందిలో ఇద్దరు, రింగ్ లార్డ్‌నర్, లెస్టర్ కోల్, ఖైదీలుగా చేరారు.

బయటికి వచ్చిన ట్రంబోకు పని లేదు, అప్పులు మాత్రం ఉన్నాయి. తోటను అమ్మివేసి భార్యాపిల్లలతో 1951లో మెక్సికో నగరానికి వెళ్లాడు. నల్లజాబితాలో చేరిన మరికొన్ని కుటుంబాలు కూడా అక్కడికి చేరాయి. అక్కడ ఖర్చు తక్కువ అనుకొన్నారుగాని, హాలీవుడ్‌కు దూరంగా ఉంటే దొంగచాటు పని కూడా దొరకదని త్వరలోనే తెలిసింది. 1954లో కుటుంబం లాస్ ఏంజిల్స్‌కు తిరిగివచ్చి ఒక మామూలు పేటలో ఇల్లు తీసుకొంది. ఇరుగుపొరుగులకు సంగతి తెలిసిన తరువాత చిన్న కూతురు మిట్జీని బడిలో తోటిపిల్లలు వెలివేశారు. తండ్రి చేసిన నేరం ఏమిటో ఆ పిల్లకు తెలియదు, వెలివేసిన పిల్లలకూ తెలియదు.

పని మాత్రం జరుగుతూనే ఉంది. పేరు నిషిద్ధంగాని రాత నిషిద్ధం కాదు. రహస్యంగా రాయించుకొనే నిర్మాతలకు ఇది మంచి బేరం. కింగ్ సోదరులు అనే ముగ్గురు అన్నదమ్ములు తక్కువ ఖర్చుతో సినిమాలు తీసేవారు. ఒకప్పుడు చిత్రానికి 75,000 డాలర్లు పుచ్చుకొన్న ట్రంబో, వారికి 'గన్ క్రేజీ' చిత్రానువాదాన్ని 4,000 డాలర్లకు లోపే రాసి ఇచ్చాడు. తెరమీద వేరొక రచయిత పేరు పడింది. ఇలా తన పేరును అరువిచ్చి, రచన తనదని చెప్పేవారు కొందరు ఉండేవారు. పేరు అరువివ్వడం స్నేహంతో జరిగినప్పుడూ ఉంది, డబ్బుకోసం జరిగినప్పుడూ ఉంది. కొన్నిచోట్ల అసలు లేని మనుషుల పేర్లే పెట్టేవారు. ట్రంబో ఎన్ని పేర్లతో రాశాడంటే, ఇంటికి ఫోను వస్తే ఏ పేరుతో అడిగారో చూసి పిల్లలు జవాబు చెప్పవలసి వచ్చేది.

అతడు రాత్రిపూట స్నానాల తొట్టిలో వేడినీళ్లలో కూర్చొని రాసేవాడు. తొట్టికి అడ్డంగా ఒక పలక, దాని మీద కాగితాలు, కత్తెర, కాఫీ. చేతిలో సిగరెట్టు ఆరేది కాదు. రాసినదానిని కత్తెరతో ముక్కలు చేసి, సన్నివేశాల వరస మార్చి మళ్లీ అతికించేవాడు. గ్రాండ్ జంక్షన్‌లో నిలిపిన విగ్రహం కూడా తొట్టిలో కూర్చొని రాస్తున్నదే. వచ్చిన పని అంతా తానే ఉంచుకోకుండా, నల్లజాబితాలోని ఇతర రచయితలకు పంచేవాడు. చాటుగా రాసే రచయితలు ఎంతమంది అయితే, ఆ జాబితా అంత త్వరగా నవ్వులపాలవుతుందని అతని అంచనా.

ఆ అంచనా ఫలించసాగింది. జైలుకు వెళ్లేముందు అతడు ఒక రాకుమారి కథ రాశాడు. రాజమర్యాదలతో విసిగిన ఆ అమ్మాయి రోము నగరంలో ఒక్కరోజు మామూలు మనిషిలా తిరుగుతుంది. తన పేరుతో అమ్మే వీలులేక మిత్రుడు ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ పేరుతో అమ్మాడు. 'రోమన్ హాలిడే' పేరుతో 1953లో వచ్చిన ఆ చిత్రం ఆడ్రీ హెప్‌బర్న్‌ను ప్రపంచానికి పరిచయం చేసింది. ఉత్తమ కథకు ఆస్కార్ హంటర్ పేరున ప్రకటించారు. కొంతకాలానికి హంటర్ కూడా నల్లజాబితాలో చేరాడు.

రెండవసారి జరిగినది మరీ రసవత్తరం. మెక్సికోలో ఉండగా ట్రంబో ఎద్దుల పోరు చూడడానికి వెళుతుండేవాడు. ఆ జ్ఞాపకాలతో కింగ్ సోదరులకు ఒక కథ రాశాడు. ఒక పేద బాలుడు పెంచిన ఎద్దును పోరుకు పంపుతారు. దాన్ని బతికించుకోవాలని ఆ బాలుడు పడే ఆరాటం ఆ చిత్రం. పేరు 'ది బ్రేవ్ వన్'. రచయితగా తెరమీద పడిన పేరు రాబర్ట్ రిచ్. అది కింగ్ సోదరుల మేనల్లుని పేరు. 1957 మార్చిలో ఉత్తమ కథకు ఆస్కార్ రాబర్ట్ రిచ్‌కు అని వేదిక మీద చదివారు. ఎవరూ లేచి రాలేదు. రచయితల సంఘం ఉపాధ్యక్షుడు వెళ్లి బహుమతి తీసుకొని, రిచ్ భార్య ప్రసవం కారణంగా ఆస్పత్రిలో ఉన్నాడని చెప్పాడు. మరునాడు సంఘం వారు తమ పుస్తకాలు తిరగేస్తే అటువంటి సభ్యుడే లేడు. విలేఖరులు వెంటపడ్డారు. ట్రంబోను అడిగితే ఔననలేదు, కాదనలేదు. ఇతర మంచి చిత్రాల గురించి అడిగినా అదే జవాబు. దానితో హాలీవుడ్‌లో వచ్చే ప్రతి మంచి చిత్రమూ అతడే రాశాడేమోనని జనం అనుకోవడం మొదలుపెట్టారు.

మరుసటి ఏడు ఇంకొక తమాషా. 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' చిత్రానువాదానికి బహుమతి ఫ్రెంచి నవలాకారుడు పియరీ బూల్‌కు ఇచ్చారు. నవల అతనిదే. చిత్రానువాదం మాత్రం నల్లజాబితాలో ఉన్న మైకేల్ విల్సన్, కార్ల్ ఫోర్‌మన్‌లది. నల్లజాబితా వారికి ఆస్కార్ ఇవ్వరాదని 1957లో పెట్టిన నియమాన్ని అకాడమీ 1959 జనవరిలో ఎత్తివేసింది. ఆ నెలలోనే రాబర్ట్ రిచ్ తానేనని ట్రంబో బయటపెట్టాడు.

ఇక మిగిలింది పేరు తెరమీద పడడం. రోమును ఎదిరించిన బానిస వీరుని కథ 'స్పార్టకస్'ను నటుడు కర్క్ డగ్లస్ నిర్మిస్తున్నాడు. ఆ నవల రాసిన హోవర్డ్ ఫాస్ట్ కూడా అదే విచారణ సంఘం వల్ల జైలుకు వెళ్లినవాడే. చిత్రానువాదాన్ని ట్రంబో శామ్ జాక్సన్ అనే మారుపేరుతో రాశాడు. అదే కాలంలో దర్శకుడు ఆటో ప్రెమింజర్‌కు 'ఎక్సోడస్' రాశాడు. 1960 జనవరిలో ప్రెమింజర్ తన చిత్రానికి రచయిత ట్రంబో అని పత్రికా ముఖంగా ప్రకటించాడు. 'స్పార్టకస్' అక్టోబరులో, 'ఎక్సోడస్' డిసెంబరులో ట్రంబో పేరుతో విడుదలయ్యాయి. నల్లజాబితాను పగులగొట్టిన ఘనత ఎవరిదన్న వాదం తరువాత చాలాకాలం సాగింది. ఇద్దరికీ కొంత కొంత చెందుతుంది. కానీ పదమూడేళ్లుగా రాస్తూ ఆ గోడను లోపలినుంచి తొలిచినవారు రచయితలే. 'స్పార్టకస్' ఆడే థియేటర్ల ముందు నిరసనకారులు నిలబడ్డారు. అధ్యక్షపదవి చేపట్టిన కొద్ది రోజులకే కెనెడీ వారిని దాటి వెళ్లి ఆ సినిమా చూశాడు.

ఆ తరువాత ట్రంబో 'లోన్లీ ఆర్ ది బ్రేవ్', 'హవాయి', 'ది ఫిక్సర్' వంటి చిత్రాలకు పనిచేశాడు. 1970లో రచయితల సంఘం అతనికి తమ అత్యున్నత సత్కారమైన లారెల్ బహుమతి ఇచ్చింది. సభలో పేర్లు చెప్పిన వారిమీద అతడు పగతీర్చుకొంటాడని అనుకొన్నవారు ఉన్నారు. ఆ చీకటి కాలంలో వీరులను, దుష్టులను వెదకవద్దని, అందరూ ఏదో ఒక విధంగా బాధితులేనని అతడు ఆ సభలో అన్నాడు. ఈ మాట అందరికీ నచ్చలేదు. పదిమందిలో ఒకడైన ఆల్బర్ట్ మాల్ట్జ్ తీవ్రంగా ఖండించాడు. పేర్లు చెప్పినవారిని, చెప్పక జైలుకు వెళ్లినవారిని ఒకే గాటకట్టడం ఎలా న్యాయమని అతని ప్రశ్న. ఆ వివాదం వారి మధ్య తెగలేదు. ఇద్దరి మాటలోనూ బలం ఉంది.

1971లో తన పాత నవల 'జానీ గాట్ హిస్ గన్'ను ట్రంబో స్వయంగా దర్శకత్వం వహించి చిత్రంగా తీశాడు. అప్పటికి అతని వయస్సు అరవై అయిదేళ్లు. వియత్నాం యుద్ధం జరుగుతున్న రోజులు అవి. ఆ చిత్రానికి ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవంలో న్యాయనిర్ణేతల ప్రత్యేక బహుమతి లభించింది. 1973లో, జైలు నుంచి తప్పించుకొనే ఖైదీ కథ 'పాపియాన్' రాస్తూ ఉండగా ఊపిరితిత్తులలో కాన్సర్ ఉన్నట్లు తేలింది. జీవితమంతా ఆరని సిగరెట్టు తన వెల అడిగింది. మిగిలిన పని పూర్తిచేయడానికి కొడుకు క్రిస్టఫర్ సాయపడ్డాడు. ఆ చిత్రం మొదట్లో ఖైదీలకు హెచ్చరికలు చేసే అధికారి పాత్రను ట్రంబోయే ధరించాడు. ఒకప్పుడు తానే ఖైదీ అయినవాడు అధికారి వేషంలో నిలబడడం చూసేవారికి గమ్మత్తుగా ఉంటుంది.

1975లో అకాడమీ అధ్యక్షుడు వచ్చి 'ది బ్రేవ్ వన్'కు రావలసిన ఆస్కార్ ప్రతిమను ట్రంబో చేతికి ఇచ్చాడు. అందులో పేరు ఈసారి సరిగానే ఉంది. 1976 సెప్టెంబరు 10న లాస్ ఏంజిల్స్‌లో గుండెపోటుతో ఆయన మరణించాడు. దేహాన్ని వైద్య పరిశోధనకు ఇచ్చివేశారు.

'రోమన్ హాలిడే' లెక్క ఇంకా మిగిలి ఉంది. 1993లో ఆ కథకు వచ్చిన ఆస్కార్‌ను ట్రంబో పేరున క్లియోకు అందజేశారు. ఆ సంవత్సరమే, ఆయన ఒక్క ఏడాది చదివి వదిలివచ్చిన కొలరాడో విశ్వవిద్యాలయం తన ఆవరణలోని నీటిబుగ్గ ప్రాంగణానికి ఆయన పేరు పెట్టింది. విద్యార్థులు నిలబడి తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా చెప్పుకొనే చోటు అది. కానీ ఆ సినిమా తెరమీద రచయితగా ట్రంబో పేరు లేదు. దానిని చేర్చమని క్రిస్టఫర్ ట్రంబో, హంటర్ కుమారుడు టిమ్ హంటర్ కలిసి రచయితల సంఘాన్ని కోరారు. తండ్రులు మిత్రులైనట్లే కొడుకులూ మిత్రులు. సంఘం పాత కాగితాలన్నీ పరిశీలించి, 2011 డిసెంబరులో ట్రంబో పేరును చేర్చింది. చిత్రం విడుదలై అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. క్లియో 2009లో, క్రిస్టఫర్ 2011 జనవరిలో కన్నుమూశారు.